బొగ్గు పోయి యురేనియం రావాలంటే ఎంత ఖర్చు, ఎన్నేళ్లు?

పాకాల దగ్గర మా మామ ఇంట్లో కూర్చుని ఉండగా కరెంటు బిల్లు వచ్చింది. రీడింగ్ తీసే అబ్బాయి మిషన్‌లోంచి చించి ఇచ్చిన ఆ పొడుగాటి చీటీని మామ నా చేతికిచ్చి ఒక్కో వరుసా చదవమన్నాడు. వాడిన యూనిట్లకు ఇంత, ఫిక్సెడ్ చార్జీ ఇంత, డ్యూటీ ఇంత, ఆ కింద ఇంధన సర్దుబాటు ఇంత.

"ఈ సర్దుబాటు ఏందిరా అల్లుడూ? వాడిన దానికి కడతానే ఉండాం గదా."

బొగ్గు ధరో, రైలు కిరాయో పెరిగితే ఆ తేడాను తర్వాత నెలల్లో మన మీద వేస్తారని, 2023 నుంచి యూనిట్‌కి 40 పైసల దాకా అలా పడుతూ వచ్చిందని చెప్పాను. మామ ఊరుకోలేదు. "అట్లయితే ఆ బొగ్గు మానేసి అణు కరెంటు తెచ్చుకోవచ్చు గదా. కల్పాక్కం ఏమంత దూరం?"

అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తిరుపతికి తిరిగొచ్చాక నాలుగు రోజులు కాగితం పెట్టుకుని లెక్కలు వేశాను. అణు కరెంటు చవకా, ఖరీదా అని మనం అడుగుతూ ఉంటాం. లెక్క వేసేకొద్దీ నాకు అర్థమైంది ఏమంటే, దాని ధర యురేనియం మీద కన్నా, ప్లాంటు కట్టడానికి పట్టిన ఏళ్ల మీద ఆధారపడుతుంది. బొగ్గు స్థానంలో దాన్ని పెట్టగలమా అన్న ప్రశ్న కూడా చివరికి అక్కడికే వస్తుంది.

ముందు మన చుట్టుపక్కల ఏముందో చూద్దాం. తిరుపతిలో ఆఫీసు ఉన్న దక్షిణ ప్రాంత డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకూ కరెంటు పంచుతుంది. గ్రిడ్‌లోంచి వచ్చే కరెంటులో ఏ యూనిట్ ఎక్కడిదో విడదీసి చెప్పలేం. కానీ మనకు దగ్గర్లో ప్రభుత్వ రంగంలో ఉన్న పెద్ద బొగ్గు ప్లాంట్లు రెండు. కడప జిల్లాలో ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య కలమల్ల దగ్గరున్న రాయలసీమ థర్మల్ ఒకటి, 1,650 మెగావాట్లు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులోని దామోదరం సంజీవయ్య ప్లాంటు రెండోది, 2,400 మెగావాట్లు. రెండూ కలిపితే 4,050.

అణు కరెంటు సంగతికొస్తే, దానికి కావలసిన సరుకంతా తెలుగు నేల మీదే ఉంది. యురేనియం కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్నారు. దాన్ని ఇంధనంగా మార్చేది హైదరాబాద్‌లో. రియాక్టర్‌లో పోసే భారజలం, అంటే మామూలు నీళ్ల కన్నా బరువైన ప్రత్యేకమైన నీళ్లు, తయారయ్యేది మణుగూరులో. రియాక్టర్ మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కటీ లేదు.

పది పెట్టెల బొగ్గు, ఒక కట్ట యురేనియం

రేణిగుంట వైపు రైలు గేటు పడినప్పుడు బొగ్గు గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం నాకు అలవాటు. 58 దగ్గర తేలుతుంది, వెనక గార్డు పెట్టె. ఒక్కో పెట్టెలో 65 నుంచి 70 టన్నులు. మొత్తం బండి దాదాపు 4,000 టన్నులు.

మన దేశపు బొగ్గు నుంచి ఒక యూనిట్ కరెంటు రావాలంటే సుమారు 700 గ్రాములు కాల్చాలి. 1,000 మెగావాట్ల ప్లాంటు ఒక రోజంతా పూర్తి లోడుతో నడిస్తే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు వస్తాయి. దానికి 16,800 టన్నుల బొగ్గు, అంటే రోజుకు నాలుగు గూడ్సులు. ఎండాకాలమైనా, వానాకాలమైనా, రోజూ నాలుగు. రెండు రోజులు బండి రాకపోతే ప్లాంటులో టెన్షన్ మొదలవుతుంది. ఇన్ని రోజుల నిల్వే ఉందని పేపర్లలో వచ్చే వార్తల వెనక ఉన్నది ఇదే. కాలిన దాంట్లో మూడో వంతు బూడిదగా మిగులుతుంది, రోజుకు 5,000 టన్నుల పైన. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి కొంత అటు పోతుంది. మిగిలింది బూడిద చెరువులోకి. గాలి తోలితే పక్క ఊళ్ల వాళ్ల ఇళ్లలోకి, కంచాల్లోకి.

ఇప్పుడు యురేనియం కట్ట సంగతి. మన దేశం సొంతంగా కట్టే 700 మెగావాట్ల రియాక్టర్‌లో వాడే ఇంధన బండిల్ అర మీటరు పొడుగు ఉంటుంది. 37 సన్నటి లోహపు గొట్టాలను కట్టెపుల్లల మోపులా గుండ్రంగా పేర్చి, రెండు చివర్లా పలకలు అతికిస్తారు. గొట్టాల నిండా సుద్దముక్కల్లాంటి యురేనియం బిళ్లలు. కట్టలో ఉండే యురేనియం 20 కిలోలకు అటూ ఇటూ. మా మామ చేనుకు మోసుకుపోయే యూరియా బస్తాలో సగం బరువు. ఆ ఒక్క కట్ట రియాక్టర్‌లోంచి బయటికి వచ్చేలోపు సుమారు 10 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. అదే కరెంటు బొగ్గుతో తీయాలంటే 700 టన్నులు కావాలి, గూడ్సులో పది పెట్టెలు.

ఒక 700 మెగావాట్ల రియాక్టర్‌కు ఏడాదంతా సరిపోయే ఇంధనం 100, 125 టన్నుల మధ్య. కొన్ని లారీలతో అయిపోయే పని. అందుకే బొగ్గు ప్లాంటు కరెంటులో పెద్ద ఖర్చు బొగ్గే. టన్ను ప్లాంటు దగ్గరికి చేరేసరికి 5,000 రూపాయలు పడిందనుకుంటే, యూనిట్‌లో మూడున్నర రూపాయలు బొగ్గుకే పోతాయి. బొగ్గు ధర కదిలినప్పుడల్లా మామ బిల్లు కదులుతుంది. అణు ప్లాంటులో ఇంధనం ఖర్చు చిన్నది. ధర రెట్టింపైనా యూనిట్ మీద పైసల్లోనే తేడా వస్తుంది. మామ అడిగిన ప్రశ్నలో ఉన్న న్యాయం ఇదే, సర్దుబాటు చార్జీ బెడద నిజంగానే తగ్గుతుంది.

అయితే ఆ డబ్బు ఇంకో చోట కట్టాలి.

కట్టినన్నాళ్లూ పెరిగే వడ్డీ

మా తమ్ముడు తిరుపతిలో ఒక ఫ్లాటు కొన్నాడు. రెండేళ్లలో తాళాలు ఇస్తామన్నారు, ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ ఒక పక్క ఇంటి అద్దె, ఇంకో పక్క బ్యాంకు వడ్డీ. ఫ్లాటులో గోడ ఒక్క అంగుళం పెరగలేదు, ధర మాత్రం లక్షల్లో పెరిగింది. అణు ప్లాంటు కష్టం అచ్చంగా ఇదే, కాకపోతే లక్షల చోట వేల కోట్లు.

2017లో కేంద్రం ఒకేసారి పది 700 మెగావాట్ల రియాక్టర్లకు అనుమతి ఇచ్చింది, ఖర్చు 1,05,000 కోట్లు. అంటే మెగావాట్‌కు 15 కోట్లు. 2025 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని మాహీ బాన్స్‌వాడాలో 2,800 మెగావాట్లకు శంకుస్థాపన చేసినప్పుడు చెప్పిన 42,000 కోట్లు కూడా మెగావాట్‌కు 15 కోట్లే. ఈ అంకెను పట్టుకుని లెక్క వేద్దాం.

ఒక మెగావాట్ రియాక్టర్ ఏడాదిలో 85 శాతం నడిస్తే 74 లక్షల యూనిట్లు ఇస్తుంది. 15 కోట్ల అప్పుకు అసలూ వడ్డీ కలిపి ఏటా పదో వంతు కట్టాలనుకుంటే కోటిన్నర. భాగిస్తే యూనిట్‌కి రెండు రూపాయలు. దీని మీద ఇంధనం, సిబ్బంది, మరమ్మతులు, రేపు ప్లాంటు మూసేసేటప్పటి ఖర్చు కోసం పక్కన పెట్టాల్సింది, అన్నీ కలిపి ఇంకో రూపాయిన్నర నుంచి రెండు అనుకుందాం. మూడున్నర, నాలుగు రూపాయల మధ్య తేలుతుంది. గనులకు దూరంగా ఉన్న మన రాయలసీమలో కొత్త బొగ్గు ప్లాంటు కరెంటు ఇంతకన్నా తక్కువకు రావడం కష్టం. కాబట్టి కాగితం మీద అణు కరెంటు గెలుస్తుంది.

ఇప్పుడు ఆలస్యాన్ని కలపండి. 100 రూపాయల పనిని ఆరేళ్లలో సమానంగా ఖర్చు పెడుతూ పూర్తి చేస్తే, పది శాతం వడ్డీతో చివరికి 130 దాకా అవుతుంది. అదే పని పన్నెండేళ్లు సాగితే దాదాపు 180. మెగావాట్‌కు 15 కోట్లని చెప్పుకున్నది ఆరేళ్లలో అయ్యే పనికైతే, పన్నెండేళ్లకు అది 21 కోట్లకు చేరుతుంది. యూనిట్ మీద 80 పైసలు పెరుగుతుంది. సిమెంటు, ఉక్కు, కూలీల ధరలు పెరగడం ఇందులో లేదు, ఇది వట్టి వడ్డీ. బిల్లులో మామను బాధపెట్టిన 40 పైసలకు ఇది రెండింతలు. పైగా సర్దుబాటు చార్జీ బొగ్గు ధర దిగితే దిగొచ్చు, ఈ 80 పైసలు అప్పు తీరేదాకా కదలవు.

ఈ ఆలస్యాలు నేను ఊహించి చెబుతున్నవి కావు. గుజరాత్‌లోని కాక్రాపార్ మూడో యూనిట్‌కు (ప్లాంటులో ఒక్కో రియాక్టర్‌నూ యూనిట్ అనే అంటారు) 2010లో కాంక్రీటు పోశారు, వాణిజ్యపరంగా కరెంటు ఇచ్చింది 2023లో. కూడంకుళం మొదటి రెండు యూనిట్లకు 13,171 కోట్లు అవుతుందన్నారు, 22,462 కోట్లు అయింది. 2002లో మొదలైన పని, మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చేసరికి 2014 చివర. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగిల్ ప్లాంటుకు రెండు కొత్త రియాక్టర్లు 1,400 కోట్ల డాలర్లలో అయిపోతాయనుకున్నారు. 2024లో రెండోది నడవడం మొదలయ్యేసరికి 3,000 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో 2017లో దాన్ని కడుతున్న వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకుంటున్నవి సరిగ్గా ఆ రకం రియాక్టర్లే, ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. భూముల గొడవతో, ధర బేరంతో ఏళ్లు గడిచిపోయాయి.

అలాగని ఎప్పుడూ ఆలస్యమే అవుతుందని చెప్పడం అన్యాయం. తారాపూర్‌లో 540 మెగావాట్ల నాలుగో యూనిట్‌కు 2000లో కాంక్రీటు పోసి, 2005 మార్చికి అణు చర్య మొదలుపెట్టారు, ఐదేళ్లలో. అది మన ఇంజనీర్లు చేసిందే. ఎడారి దేశం ఎమిరేట్స్ బరాకాలో ఒకే నమూనా రియాక్టర్లు నాలుగు వరసగా కట్టింది, 2012లో మొదలుపెట్టి 2024 నాటికి నాలుగూ నడిపింది. ఫ్రాన్స్ 1974 తర్వాత పదిహేనేళ్లలో 50కి పైగా రియాక్టర్లు కట్టేసింది. వీటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే: ఒకే నమూనా, అదే కూలీలు, అదే మేస్త్రీలు, ఒకటి కాగానే పక్కది. నా మట్టుకు నేను కొవ్వాడలో కొత్త విదేశీ నమూనా కన్నా, మనకు చేతులు తిరిగిన 700 మెగావాట్లవే ఒకదాని వెంట ఒకటి కట్టడం మేలంటాను.

బాయిలర్ తీసి రియాక్టర్ పెట్టొచ్చా?

ఈ మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. బొగ్గు ప్లాంటులో ఆవిరితో తిరిగే టర్బైన్ ఉంది, జనరేటర్ ఉంది, లైన్లు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి. బొగ్గు కాల్చే బాయిలర్ ఒక్కటి పీకేసి అక్కడ రియాక్టర్ పెడితే సరిపోదా అని.

టర్బైన్ విషయంలో అది కుదరదు. బొగ్గు బాయిలర్‌లోంచి వచ్చే ఆవిరి 540 డిగ్రీల వేడితో, పొడిగా, మహా ఒత్తిడితో ఉంటుంది. మన భారజల రియాక్టర్ ఇచ్చే ఆవిరి 250, 260 డిగ్రీలే. ఇంట్లో కుక్కర్ విజిల్ లోంచి వచ్చే ఆవిరి చేతికి తగిలితే తడిగా ఉంటుంది చూడండి, దీనిలోనూ అలాగే తేమ ఎక్కువ. పొడి ఆవిరికి చేసిన రెక్కల మీదికి దీన్ని వదిలితే రెక్కలు అరిగిపోతాయి. కాబట్టి టర్బైన్ కొత్తది కొనాల్సిందే. తమిళనాడు తీరంలోని కల్పాక్కంలో కట్టిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ లాంటి, నీళ్లకు బదులు కరిగిన సోడియంతో వేడిని బయటికి తెచ్చే రియాక్టర్లయితే 490 డిగ్రీల ఆవిరి ఇవ్వగలవు, అవి బొగ్గు టర్బైన్‌కు దగ్గరగా వస్తాయి. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని కెమరర్ అనే చిన్న ఊళ్లో, మూతపడబోయే బొగ్గు ప్లాంటు పక్కన 345 మెగావాట్ల సోడియం రియాక్టర్‌కు 2024లో పనులు మొదలుపెట్టారు. కానీ మన బ్రీడర్ పని 2004లో మొదలై ఇరవై ఏళ్లకు పైగా సాగింది. ఆ దారిలో తొందరగా ఫలితం ఆశించలేం.

మిగిలేవి మాత్రం చిన్నవి కావు. స్విచ్‌యార్డు, 220, 400 కేవీ లైన్లు, రోడ్లు, క్వార్టర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా షిఫ్టుల్లో పండిపోయిన మనుషులు. ఒక కొత్త 400 కేవీ లైను లాగాలంటే పొలాల్లో టవర్లకు స్థలం కోసం ఎన్ని గొడవలో మన చంద్రగిరి, పుత్తూరు వైపు రైతులను అడగండి. అమెరికా ఇంధన శాఖ 2022లో వేసిన అంచనా ప్రకారం బొగ్గు ప్లాంటు స్థలాన్ని వాడుకుంటే కట్టుబడి ఖర్చు 15 నుంచి 35 శాతం తగ్గొచ్చు. ఆ శాతం అమెరికా లెక్క, మనకు అంతే వస్తుందని నేను అనను. సగం వచ్చినా వేల కోట్లే.

బొగ్గును నిజంగా అణు కరెంటుతో తోసేసిన చోటు ఏదైనా ఉందా అంటే కెనడాలోని ఒంటారియో ఉంది. 2003 ప్రాంతంలో అక్కడి కరెంటులో నాలుగో వంతు బొగ్గుది. 2014 ఏప్రిల్‌లో ఆఖరి బొగ్గు ప్లాంటు ఆగిపోయింది. వాళ్లు చేసింది ఏమంటే, అంతకుముందు ఆపేసి పెట్టిన బ్రూస్, పికరింగ్ రియాక్టర్లను బాగుచేసి మళ్లీ నడిపారు, దానికి తోడు గ్యాసు, గాలిమరలు. రాజస్థాన్‌లోని మన రావత్‌భాటా మొదటి రియాక్టర్ ఆ కెనడా నమూనాతోనే వచ్చింది. 1974 పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత వాళ్లు చేతులు దులుపుకుంటే మనవాళ్లే ఆ విద్యను పట్టుకుని 220 నుంచి 700 మెగావాట్ల దాకా తెచ్చారు. వంశం ఒకటే గానీ పరిస్థితి వేరు. వాళ్లకు కట్టి ఉంచిన రియాక్టర్లు ఉన్నాయి, మనం సున్నా నుంచి కట్టాలి.

మొత్తం బొగ్గును తీసేయాలంటే

దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 1,30,000 కోట్ల యూనిట్లు బొగ్గు నుంచి వస్తున్నాయి, వాడే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు. ఒక 700 మెగావాట్ల రియాక్టర్ 85 శాతం నడిస్తే ఏడాదికి 520 కోట్ల యూనిట్లు. అంటే 250 రియాక్టర్లు కావాలి. ఒక్కోటి 10,500 కోట్ల చొప్పున 26 లక్షల కోట్ల రూపాయలు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్ల పైచిలుకు, అందులో సగం. 2025 నాటికి మన అణు సామర్థ్యం 8,780 మెగావాట్లు, కరెంటులో వాటా మూడు శాతం చుట్టూ. 2047కి లక్ష మెగావాట్లు చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అది అక్షరాలా జరిగినా, అప్పటికి పెరిగే వాడకంలో బొగ్గు స్థానాన్ని మొత్తం అది నింపలేదు.

డబ్బు కన్నా నన్ను కలవరపెట్టేది యురేనియం. తుమ్మలపల్లె రాయిలో యురేనియం శాతం చాలా తక్కువ, టన్ను రాయి తవ్వి కరిగిస్తే అర కిలో కూడా దక్కదు. 2007, 2008 ప్రాంతంలో దేశంలో ఇంధనం చాలక రియాక్టర్లను సగం సామర్థ్యంతో నడిపారు. పైన వేసిన లెక్కలో 85 శాతం చోట 50 పెట్టి చూడండి, అప్పు భారం యూనిట్‌కి రెండు రూపాయల నుంచి మూడున్నరకు ఎగబాకుతుంది. 2008లో అణు సరఫరా దేశాల బృందం మనతో అణు వ్యాపారానికి మినహాయింపు ఇచ్చాక కజకిస్థాన్, రష్యా, కెనడాల నుంచి యురేనియం రావడం మొదలై ఆ ఇబ్బంది తగ్గింది. మేలు ఏమంటే, రెండు మూడేళ్లకు సరిపడా యురేనియం ఒక గోదాములో దాచుకోవచ్చు. బొగ్గును అలా దాచలేం. చేదు ఏమంటే, గని చుట్టుపక్కల పల్లెల వాళ్లు బోరు నీళ్లు పాడయ్యాయని, చీనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అణు కరెంటు శుభ్రమైనదని చెప్పేవాళ్లు ఆ పల్లెలకు జవాబు చెప్పి తీరాలి. పొగ గొట్టం లేకపోవడం ఒక్కటే శుభ్రత కాదు.

ప్రమాద భయం గురించి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. 1986 చెర్నోబిల్, 2011 ఫుకుషిమా తర్వాత భయపడొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. అదే సమయంలో 2004 డిసెంబరు 26న సునామీ కల్పాక్కాన్ని తాకినప్పుడు నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగా ఆపగలిగారన్నదీ నిజమే. బొగ్గు పొగ రోజూ కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి వార్త కాదు. నేను రెండూ తూచి చూసి అణు విద్యుత్ వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. 2010 అణు నష్ట బాధ్యత చట్టంలో, ప్రమాదం జరిగితే పరికరాలు అమ్మిన కంపెనీ నుంచి కూడా రాబట్టుకునే నిబంధన ఉండేది, విదేశీ కంపెనీలు దానికి జంకాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి (SHANTI) అనే కొత్త అణు చట్టం ఆ అడ్డు తీసి, ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచింది. పెట్టుబడి వస్తుంది, మంచిదే. అయితే జరగరానిది జరిగితే పరిహారం భారం చివరికి ప్రజల పన్నుల మీద పడకూడదు.

ఇంకొక పోటీదారు కూడా ఉంది. నంబులపూలకుంట, గాలివీడు వైపు పోతే కనుచూపు మేర సోలార్ పలకలు. పగటి పూట ఆ కరెంటు యూనిట్ రెండున్నర రూపాయల దగ్గర దొరుకుతోంది. రైతుల తొమ్మిది గంటల పగటి కరెంటుకు దానికి మించింది లేదు. పగలు రియాక్టర్ సోలార్‌తో పోటీ పడి గెలవదు. బొగ్గు ఇప్పుడు నిజంగా అక్కరకొచ్చేది సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము దాకా. పిన్నాపురం లాంటి చోట్ల పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం వదిలే ప్రాజెక్టులు, బ్యాటరీలు ఆ సాయంత్రపు నాలుగైదు గంటలు మోస్తాయి. రాత్రంతా, మబ్బు పట్టిన తుపాను వారమంతా మోసేది ఇంకా బొగ్గే. అణు కరెంటుకు సరిగ్గా ఆ పని అప్పగించాలి. రియాక్టర్‌ను పగలు తగ్గించి రాత్రి పెంచుతూ నడిపితే అప్పు అంతే ఉంటుంది, అమ్మే యూనిట్లు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. నిలకడగా నడిస్తేనే దానికి గిట్టుబాటు. అందుకే 250 రియాక్టర్ల కల అక్కర్లేదు, ఆ రాత్రి వాటా వరకు చాలు.

ముద్దనూరా, కృష్ణపట్నమా

ఇక మన దగ్గరికి వద్దాం. ముద్దనూరు, కృష్ణపట్నం ప్లాంట్లు రెండిటికీ బదులు కావాలంటే ఆరు 700 మెగావాట్ల రియాక్టర్లు, 63,000 కోట్లు. అయితే కృష్ణపట్నం మూడో యూనిట్ 2023లో వచ్చింది. దాని అప్పు ఇంకా తీరలేదు. ఆ ప్లాంటును ఇప్పుడే ఆపేస్తే, తీసుకోని కరెంటుకు కూడా స్థిర చార్జీ కడుతూ కొత్త రియాక్టర్ అప్పూ కట్టాలి. ఒకే దీపానికి రెండు బిల్లులు.

ముద్దనూరులో మొదటి రెండు యూనిట్లు మాత్రం 1994, 95ల నాటివి, ఒక్కోటి 210 మెగావాట్లు. ముప్పై ఏళ్లు నిండాయి, అప్పు ఎప్పుడో తీరింది, బొగ్గు ఎక్కువ తింటాయి. విచిత్రంగా, కేంద్రం ఇప్పుడు ప్రైవేటు పెట్టుబడితో కట్టిద్దామంటున్న భారత్ స్మాల్ రియాక్టర్ సైజు 220 మెగావాట్లు. ఒకటికి ఒకటి సరిపోతుంది, అదే స్విచ్‌యార్డు, అవే లైన్లు. కాగితం మీద ఈ జోడీ చూసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. మామకు ఫోన్ చేసి చెప్పాను.

"నీళ్లు యాడుండాయిరా?" అన్నాడు.

బోర్లు 1,000 అడుగులు దాటిన ఊళ్లో మనిషికి ముందు తోచే ప్రశ్న అదే. మళ్లీ కాగితం తీశాను. రెండు 220 మెగావాట్ల రియాక్టర్లు రోజుకు 90 లక్షల యూనిట్లు ఇస్తాయి. చల్లార్చడానికి యూనిట్‌కి మూడు, మూడున్నర లీటర్లు ఆవిరైపోతే రోజుకు 3 కోట్ల లీటర్లు. ఇప్పటి బొగ్గు యూనిట్లు పూర్తి లోడులో తాగేదీ దాదాపు అంతే. తేడా కరువు ఏడాదిలో వస్తుంది. మైలవరం జలాశయం అడుగంటితే బొగ్గు యూనిట్‌ను ఆపేసి ఇంటికి పోవచ్చు. రియాక్టర్‌ను ఆపినా లోపల ఇంధనం చల్లారదు. ఆపిన క్షణంలో అసలు వేడిలో ఆరేడు శాతం ఇంకా పుడుతూనే ఉంటుంది, రోజు గడిచాక కూడా అర శాతం ఉంటుంది. దాన్ని నెలల తరబడి నీళ్లతో చల్లార్చాలి. పెన్నా మీద ఆధారపడి ఆ హామీ ఇవ్వాలంటే ప్లాంటుకు సొంతంగా, ఎవరూ ముట్టుకోని పెద్ద చెరువు కట్టి నింపి పెట్టాలి. రాయలసీమలో రైతు గొంతు ఎండుతుంటే అలాంటి చెరువును కాపలా కాయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. పైగా రియాక్టర్ చుట్టూ కిలోమీటరు మేర మనిషి ఉండకూడదు, ఐదు కిలోమీటర్ల దాకా జనాభా పెరగకుండా చూడాలి, 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ఏర్పాట్లు ఉండాలి. ఎర్రగుంట్ల ఆ గీతల్లోకి వచ్చేస్తుంది.

కృష్ణపట్నం వైపు సముద్రం ఉంది, నీళ్లకు కొరత లేదు, 400 కేవీ లైన్లు ఉన్నాయి, బరువైన యంత్రాలు దించడానికి ఓడరేవు ఉంది. అక్కడ తుపాన్లను, సునామీని లెక్కలో పెట్టుకుని ఎత్తుగా కట్టాలి, కల్పాక్కం అనుభవం ఉండనే ఉంది. మొత్తానికి వయసు మీరిన యూనిట్లు ఒక చోట, నీళ్లు ఇంకో చోట.

అందుకని నాకు తోచింది ఇది. ముద్దనూరు పాత యూనిట్లు ఆగిపోయాక ఆ స్థలాన్ని, ఆ లైన్లను సోలార్ కరెంటు నిల్వ చేసే బ్యాటరీలకు ఇవ్వాలి. వాటికి నీళ్లు అక్కర్లేదు, అక్కడి మనుషుల చేతికి పని ఉంటుంది. రాత్రి మోసే రియాక్టర్లను నెల్లూరు తీరంలో తగిన చోటు చూసి, మన 700 మెగావాట్ల నమూనాలో, కనీసం నాలుగు వరసగా కట్టాలి. స్థలం ఎంపిక, అనుమతులు, భూసేకరణకు నాలుగేళ్లు, కట్టడానికి ఆరేళ్లు అనుకుంటే మొదటి యూనిట్ పదేళ్ల తర్వాత వస్తుంది. సరిగ్గా అప్పటికి కృష్ణపట్నం మొదటి రెండు బొగ్గు యూనిట్లకు ఇరవై ఏళ్లు నిండుతాయి, వాటి అప్పు తీరే దశకు వస్తుంది, రెండు బిల్లుల బాధ ఉండదు.

ఆ పదేళ్లూ బొగ్గు బండ్లు రేణిగుంట గేటు దాటుతూనే ఉంటాయని మామకు చెప్పాను. భూమి ఇచ్చే ఊళ్లకు ముందుగానే కూర్చోబెట్టి మాట్లాడి, డబ్బు చేతికిచ్చాకే పని మొదలుపెడితే ఆ ఆరేళ్లు ఆరేళ్లే అవుతాయి. కోర్టులో పడితే పన్నెండు, యూనిట్‌కి 80 పైసలు ఎక్కువ.

"ముందు ఆ ఊళ్లోళ్లను అడగమను" అన్నాడు మామ.